చెవులయ్య ఉదరసంగ్రామము

నల్లమల కొండలకు పడమట, కర్నూలు–కడప రహదారిపై లారీల భేరీనాదము రేయింబవళ్లు మ్రోగుచుండు ఆళ్లగడ్డ యను శిల్పిపురమున, కార్తీక బహుళ సప్తమీ శనివారమున, సహస్రకిరణుడు తూర్పుకొండ నెక్కి వాకిళ్లలోని పాలప్యాకెట్లపై తన తొలి వెలుగును చల్లుచున్న శుభవేళ, ఒక కుందేలు పెంటిక వేయలేదు.

నవ్వకుడు. కుందేలు జఠరము నిరంతరము తిరుగవలసిన యంత్రము. అది ఆగినచో ఒక్క దినములో ప్రాణమును వెంట గొనిపోవును. శుక్రవారము మధ్యాహ్నము మొదలు ఆ యంత్రము ఆగియున్నది.

ఆ శశకశ్రేష్ఠుని పూర్వగాథ సంగ్రహముగా నిది. ఎదురింటి మేడపై అద్దెకుండిన యొక యుద్యోగి తన కుమార్తె జన్మదినమునకై దానిని నంద్యాలలో కొనితెచ్చెను. మూడు దినములు ఫోటోలు, మూడు నెలలు విసుగు. అంతలో బదిలీ వచ్చెను. ఆ కుటుంబము బీరువాను, ఫ్రిజ్జును, తుదకు చీపురును సైతము వార్తాపత్రికలో చుట్టి లారీ కెక్కించుకొని, కుందేలును మాత్రము మిక్సీ అట్టపెట్టెలో నుంచి మెట్లక్రింద వదలి వెడలెను. పాపము, మరచిరని వీధివారు మర్యాదకు చెప్పుకొందురు. పెట్టెకు గాలి రంధ్రములు పొడిచి పోయినవారు మరచినవారు కారు.

ఆ పెట్టెను చేపట్టినది రామసుబ్బమ్మ: తపాలా కార్యాలయమున ముప్పదిరెండేండ్లు ముద్రాఘాతములు సల్పి విరమించిన వీరవనిత, తప్పుడు చిరునామాను జన్మలో క్షమింపని కఠినచిత్త, ఒంటరి గృహిణి. ఆమె పెట్టె నెత్తుకొని వచ్చుచుండగా, ప్రక్కయింటి శిల్పి, పదునారు ఉలుల సేనకు నాయకుడు, పుల్లయ్య ప్రహరిగోడ మీదుగా తొంగిచూచెను.

“ఏందక్కా, కూరకా?”

“సాక్కోడానికి.”

“సాకి?”

“సాకి ఏముండాది? సాకేదే.”

“ఒళ్లంతా చెవులే ఉండాయి దీనికి. చెవులయ్య అని పిల్సు,” అని పుల్లయ్య నామకరణోత్సవమును ముగించెను.

పది దినములు గడిచెను. గరిక, ఎండుగడ్డి, నీరు, ఇవియే రామసుబ్బమ్మ శాసనము. చెవులయ్య తిని, గంతులిడి, లెక్కకు మిక్కిలిగా పెంటికలు వేసి, ఆ యింటికి ఎన్నడో పోయిన సందడిని తిరిగి తెచ్చెను. అయినను విధి పుల్లయ్య రూపమున పొంచియుండెను.

విగ్రహమునకు కన్నులు తెరచుటయే ఉలికి కడపటి పని. అది ముగిసిన దినమున బెల్లపు పొంగలి వండి, వాకిట నున్న ప్రాణి ఏదైనను సరే, లేదనక పెట్టుట పుల్లయ్య యింటి యాచారము. శుక్రవారమున ఒక అమ్మవారికి కన్నులు తెరచిరి. కాకులు తినెను, కుక్కలు తినెను, కరెంటు మీటరు చూడవచ్చిన వాడు రెండు మారులు తినెను. గోడ కంతలో తల దూర్చిన చెవులయ్యకు నేతితో కారుచున్న గుప్పెడు పొంగలి ముట్టెను. అది మొదలు ఆ మహోదరదుర్గపు ద్వారములు మూతపడెను.

“పొంగలి పెట్టినావా?” అని శనివారమున రామసుబ్బమ్మ గోడకడ నిలిచి అడిగెను. ఆ స్వరమున మంచు పేరియుండెను.

“పెట్టినా. అమ్మోరి ప్రసాదమక్కా, లేదనకూడదు.”

“దానికి అమ్మోరు తెల్దు. గడ్డి తెల్సు. నిన్నట్నుంచి మూతి ముట్టల్యా, ఒక్క పెంటిక ఎయ్యల్యా. సచ్చిపోతాందప్పా అది.”

పుల్లయ్య చేతిలోని సుత్తి క్రిందికి జారెను.

వెంటనే ఆ ధీరురాలు చెవులయ్యను తువాలులో చుట్టి, వెదురుబుట్టలో నిడుకొని, పొగలు గ్రక్కుచున్న నంద్యాల బస్సను రథము నధిరోహించెను. అచట కండక్టరు యేసుదాసు ద్వారపాలకుని వలె అడ్డు నిలిచెను.

“బుట్టలో ఏందమ్మా? కోడా?”

“కుందేలు.”

“కుందేళ్లని ఎక్కించకూడదు. దిగు, దిగు.”

“కూడదని యాడ రాసినారు?”

“అన్నీ రాస్తారా అమ్మా?”

అంతట రామసుబ్బమ్మ బస్సంతయు వినునట్లు పలికినది: “ఎనక సీట్లో రెండు పుంజులుండాయి, సూడు. అవి నంద్యాలకి సచ్చేదానికి పోతాండాయి. ఇది బతికేదానికి పోతాంది. సచ్చేదానికి సీటిచ్చి బతికేదాన్ని దింపుతావా నాయనా? అదేనా నీ రూలు?”

పుంజుల యజమాని కిటికీ వైపు మొగము త్రిప్పుకొనెను. యేసుదాసు ఈల నోటబెట్టుకొని, తీసి, దిగులుగా పలికెను: “ఒళ్లో పెట్టుకో. బస్సులో పెంటికలేసిందంటే నువ్వే ఊడ్సాల.”

“ఏసిందా, నీ బస్సు కడిగి దండేస్తా.”

నంద్యాలలో పశువైద్యురాలు సునీత, గేదెల గర్భముల నడుమ తీరిక చేసికొని, చెవులయ్య పొట్టపై స్టెతస్కోపు నుంచి చాలసేపు వినెను.

“లోపల సప్పుడే లేదమ్మా. సూది ఏస్తా. గడ్డి మెత్తగా నూరి నీళ్లల్లో కలిపి సిరంజితో తాపండి. పొట్ట మెల్లగా నిమరండి, గట్టిగా వద్దు. శబ్దాలకి బెదరకూడదు. సాయంత్రానికి ఒక్క పెంటికైనా పడాల.”

“పడకపోతే?”

“మళ్లీ తీసుకొచ్చే పనుండదు.”

మధ్యాహ్నము ఒంటిగంటకు ఆళ్లగడ్డలో ముట్టడి మొదలయ్యెను. లోపల నేతిపొంగలి సేన పాళెము దిగి కదలదు. వెలుపల రామసుబ్బమ్మ సిరంజియను శతఘ్నితో గరికరసమును చుక్కచుక్కగా ప్రయోగించును. ప్రక్కన పదునారు ఉలులు ఠంగుఠంగున మ్రోగును. మ్రోగినప్పుడెల్ల చెవులయ్య వణకును. ఆదివారమున యాగంటివైపు పోవలసిన నంది యింకను చెవులు లేకయున్నది. అయినను పుల్లయ్య చేయెత్తెను. పదునారు ఉలులు ఆగెను.

ఆ వీధిలో పగటిపూట నిశ్శబ్దమును ఎవరును ఎరుగరు. ఇండ్లనుండి జనులు పరుగున వచ్చిరి.

“ఎవురు పోయినారప్పా?”

“ఎవురూ పోల్యా. కుందేలికి కడుపు బిగిసింది. పొండి, పొండి.”

రామసుబ్బమ్మ హస్తము ముద్ర వేయుటకు పుట్టినది, నిమురుటకు కాదు. ఆమె తాకినంతనే చెవులయ్య బిగుసుకొనును. నాలుగు గంటలకును ఒక్క పెంటిక పడలేదు. పుల్లయ్య కాళ్లు కడుగుకొని వచ్చి ఆమె ముందు కూర్చుండెను.

“ఇట్లియ్యక్కా. రాయిని తట్టి, అది పలికేదో పలకందో సూసి కొనేటోణ్ని. పొట్ట నాకు తెలీదా?”

అమ్మవారి కనురెప్పను తీర్చిన బొటనవ్రేలితో అతడు ఆ తెల్లని పొట్టను ఈకతో రాచినట్లు నిమిరి, చెవి ఆనించి వినెను.

“పలకల్యా.”

మరల నిమిరెను. మరల వినెను. “పలకల్యా.”

తొండమింకను మొలవని యొక వినాయకుడు గోడ మీదుగా చూచుచుండెను. సూర్యుడు వ్రాలెను. రామసుబ్బమ్మ కుందేలు చెవుల నడుమ ఒక్క వ్రేలుంచి, ఎవరికిని వినబడరాదన్నట్లు, “పోవాకురా,” అనెను.

“ఉష్!” అనెను పుల్లయ్య. “గుడగుడమంటాంది. దూరంగా లారీ పోయినట్ల.”

“లారీనేనేమో.”

“లారీ కాదక్కా. లోపలే!”

దుర్గద్వారము కిఱ్ఱుమనెను. పొంగలి సేన కాలు కదిపెను. చెవులయ్య లేచి నిలిచి, వీపును విల్లుగా వంచి, ముక్కు నదరించి, సర్వదేవతా విగ్రహముల సమక్షమున, తువాలుపై, కార్యము నిర్వర్తించెను.

“అక్కా! పడె!”

రామసుబ్బమ్మ కళ్లజోడు పెట్టుకొని పరీక్షించెను. ఫోటో తీసి నంద్యాలకు పంపెను. ఫోను మ్రోగెను.

“ఒకటేనా అమ్మా?”

“ఒకటే. కానీ నిండు గుండ్రం.”

“అయితే బతికినట్టే.”

రామసుబ్బమ్మ కన్నులు తుడుచుకొని, రాతిపొడి పడినదనెను. మధ్యాహ్నము నుండి ఆ వీధిలో రాయి చెక్కినవారు లేరు.

జనులారా, లిఖించుకొనుడు: అట్లు ఆళ్లగడ్డ పురమున, సాయంకాలము ఐదుగంటల నలువదియొక్క నిమిషములకు, మిరియపు గింజంత మహావిజయము సిద్ధించెను. ఆదివారము ఉదయమునకు విజయములు డెబ్బదిమూడు.