వినువారు కనీసం ఐదుగురు

మనిషన్నాక అభిప్రాయాలుండటం సహజమనీ, అయితే వాటిని శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురిలో బయటపెట్టడం మాత్రం ముందస్తు అనుమతికి లోబడి ఉంటుందనీ ఇంటికో వంటకం తెచ్చి కలిసి తినే నోవై ఊరి తెలుగు కుటుంబాల పాట్‌లక్ సంఘం మొన్నటి చలికాలంలో ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఏకగ్రీవమంటే, చదివి వినిపిస్తున్నప్పుడు ఎవరూ ఫోన్‌లోంచి తలెత్తలేదని.)

కారణం లేకపోలేదు. అంతకుముందు నెల స్కూల్ ట్యాక్సు మీద మొదలైన ఒక మాట గులాబ్‌జామూన్ల దాకా పాకి, రెండు కుటుంబాలు అలిగి, ఖాళీ గిన్నెలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాయి. సంఘం అధ్యక్షుడు శశికాంత్ కార్ల కంపెనీలో ప్రోగ్రామ్ మేనేజర్. సమస్య ఎక్కడుంటే అక్కడ యాప్ పెట్టే మనిషి. ఒకే పూట ఐదు పులిహోరలు రాకుండా ఎవరు ఏ వంట తెస్తారో చూసే యాప్ ఒకటి అప్పటికే ఉంది. దాన్నే కాస్త పెంచాడు. ఇకపై కుటుంబానికి ఒక వంటకం, ఒక అభిప్రాయం. ఒకరు తెచ్చింది ఇంకొకరు తేరాదు.

ఈ ఏర్పాటు అందరికీ నచ్చింది. చాలామందికి అభిప్రాయాలు లేవన్న సంగతి కూడా దీనితోనే తేలింది. ‘పిల్లలకి స్క్రీన్ టైమ్ తగ్గించాలి’ అని నమోదు చేయబోతే, అది ఇప్పటికే పక్క కాలనీ వాళ్ళు తెస్తున్నారనీ, దయచేసి పేపర్ ప్లేట్లు తెమ్మనీ యాప్ చెప్పేది. హాయిగా పేపర్ ప్లేట్లు తెచ్చేవారు.

గుండెల్లో రాయి పడింది సరోజ ఒక్కదానికే.

సరోజ భర్త యజ్ఞనారాయణ గారు రిటైరయిన పిల్లల డాక్టరు. మిషిగన్ రాకముందు, పెళ్ళికి ముందు, కుర్రతనంలో ఇంగ్లండ్‌లో నాలుగేళ్ళు ఏదో ఊరి ఆసుపత్రిలో పనిచేశారు. అప్పటినుంచీ ఆ దేశాన్ని ఎవరు పాలించినా ఈయన పర్యవేక్షణలోనే పాలిస్తున్నారు. ప్రతి శనివారం పాట్‌లక్‌లో ఆ పర్యవేక్షణ జరిగిపోయేది, మిగతా వారమంతా ఇల్లు ప్రశాంతం. ఇప్పుడీ తూము మూసేస్తే నీళ్ళు ఎటు పోతాయో సరోజకి తెలుసు. తిన్నగా వంటింట్లోకే.

అందుకని ఆవిడ వాదించలేదు, ఆయన తరఫున అప్లై చేసింది. యాప్‌లో అభిప్రాయాల వర్గాలు క్రికెట్, ఇళ్ళ ధరలు, ఏఐ వల్ల పోబోయే ఉద్యోగాలు, ఏఐ వల్ల పోయిన ఉద్యోగాలు, ఇతరములు. బ్రిటిష్ రాజకీయాలు ఇతరముల్లోకి వెళ్ళాయి. (అక్కడ వాటికి తోడుగా ఎవరిదో మోకాలి నొప్పి ఉంది.) పరిశీలనకి రెండు వారాలు పడుతుందన్నారు. ఈలోగా లండన్‌లో ప్రధానమంత్రి రాజీనామా చేశాడు. అభిప్రాయానికి కాలం చెల్లిందని యాప్ తిప్పి పంపింది. సరోజ మళ్ళీ పెట్టింది. కొత్తాయన ఇంకా నిలదొక్కుకుంటున్నాడనుకునేలోపు ఆయనా వెళ్ళిపోయాడు.

సరోజ శశికాంత్‌కి ఫోన్ చేసింది. ఎక్స్‌పైరీ దాటిన పెరుగు తెస్తే ఒప్పుకోం కదా ఆంటీ, ఇదీ అంతేనన్నాడు అతను, ఎంతో మర్యాదగా.

“పోనీ బాబూ, మనిషి పేరు లేకుండా పెడితే? ‘ప్రస్తుత ప్రధాని, ఎవరైతే వారు’ అని?”

శశికాంత్ కమిటీలో పెడతానన్నాడు. కమిటీ రెండుసార్లు కూర్చుని, ఇది వాడుకరులందరికీ పనికొచ్చే సదుపాయమని మెచ్చుకుని, యాప్‌లో చేర్చింది.

తర్వాత లేబుల్ కావాలన్నారు. జీడిపప్పు ఉందో లేదో వంటకం మీద రాసినట్టే, అభిప్రాయంలో ఏముందో రాయాలి. సరోజ నిజాయితీగా రాసింది: ‘ఎన్నికలు కలవు. చరిత్ర కలదు. ఇమిగ్రేషన్ ఛాయలు ఉండవచ్చు. వీసా మీద ఉన్నవారు తమ బాధ్యతపై వినవలెను.’

చివరిది వినువారి నిబంధన. కనీసం ఐదుగురు పేర్లిస్తే తప్ప అభిప్రాయం వడ్డించబడదు. నాలుగు రోజులైనా ఒక్క పేరూ రాలేదు. సరోజకి తన ఆయుధం తీయక తప్పలేదు. ఈసారి తాను ఉలవచారు తెస్తున్నాననీ, అది వినువారికి మాత్రమేననీ గ్రూపులో పెట్టింది. పది నిమిషాల్లో జాబితా నిండి, వెయిటింగ్ లిస్టు మొదలైంది.

కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉజ్వల మాత్రం ఫోన్ చేసి అనుమానం తీర్చుకుంది.

“ఆంటీ, నిజంగా వినాలా, కూర్చుంటే చాలా?”

“కూర్చుంటే చాలమ్మా. నలభై ఎనిమిదేళ్ళుగా నేనూ అంతే చేస్తున్నాను.”

ఆ శనివారం బయట మంచు దట్టంగా కురుస్తోంది. శశికాంత్ వాళ్ళ బేస్‌మెంట్‌లో యజ్ఞనారాయణ గారు సూటూ టైతో లేచి నిలబడ్డారు. ఎదురుగా ఐదు కుర్చీలు. రెండింట్లో మనుషులున్నారు, ఉజ్వలా, ఇంకో కుర్రాడూ. మిగతా మూడింట్లో ఫోన్లున్నాయి. పిల్లల రోబోటిక్స్ క్లాసుల వల్ల రాలేనివారు ఫోన్ పంపవచ్చనీ, ఫోన్ వింటే యజమాని విన్నట్టేననీ నిబంధన ఉంది. సరోజ వెనకాల ఉలవచారు గిన్నె దగ్గర గరిటెతో నిలబడింది.

ఆయన పార్టీలూ పార్లమెంటూ ముగించి, ఎప్పుడూ చెప్పనిదొకటి చెప్పారు. ఆ రోజుల్లో కామన్వెల్త్ లెక్కన అక్కడున్న మన దేశస్థులకీ ఓటుండేదట. ఆయన వానలో నిలబడి ఓటు వేసి డ్యూటీకి వెళ్ళారట. ఎవరికి వేశావని వార్డులో ఒక్కరైనా అడుగుతారని సాయంత్రం దాకా జవాబు సిద్ధంగా పెట్టుకున్నారట. నర్సులు బ్లడ్ రిపోర్టు అడిగారు, పెద్ద డాక్టరు గొడుగు అడిగాడు.

సరోజ గరిటె గిన్నెలో అలాగే ఉండిపోయింది. ఎప్పుడూ చెప్పలేదా, చెప్పినప్పుడు తాను ఊరికే కూర్చుని ఉందా? ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయింది.

ఇంతలో సమయం అయిపోయిందని యాప్ మోగింది. మరుక్షణం అందరి ఫోన్లకీ యాప్ రాసిన సారాంశం వచ్చింది: ‘డాక్టరు గారు గతంలో ఇంగ్లండ్‌లో ఉండేవారు. మనం చేయవలసినదేమీ లేదు.’ పై అంతస్తులో బిర్యానీ దగ్గరున్నవాళ్ళు కూడా దానికి హృదయాలు పెట్టారు. ముప్ఫై ఏడు హృదయాలంటే సంఘం చరిత్రలోనే రికార్డని శశికాంత్ కిందికి దిగొచ్చి మరీ చెయ్యి కలిపాడు.

“సూపర్ అంకుల్. చాలా క్లియర్‌గా ఉంది.”

యజ్ఞనారాయణ గారు థాంక్స్ చెప్పి ఆ సారాంశం రెండుసార్లు చదువుకున్నారు. కార్లో ఏమీ మాట్లాడలేదు. ఆదివారం మాట్లాడలేదు. సోమవారం టీవీలో లండన్ కనిపిస్తే చానెల్ మార్చారు. సరోజ కోరుకున్న ప్రశాంతత ఇంటినిండా పరుచుకుంది. ఫ్రిజ్ ఆగి ఆగి మూలగటం కూడా వినపడుతోంది.

మంగళవారం పొద్దున్న ప్రధాని, ఎవరైతే వారు, రాజీనామా చేశాడని వార్తొచ్చింది. యజ్ఞనారాయణ గారు పేపర్ టవల్‌తో కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. సరోజ కాఫీ ఆయన ముందు పెట్టి, తన గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

“ఏమండీ, ఇంతకీ ఆ రోజు ఓటు ఎవరికి వేశారు?”

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆవిడ వంక అనుమానంగా చూశారు.

“సారాంశం చెప్పనా, మొత్తం చెప్పనా?”