పద్మకి గీసిన గ్రాఫు

నవ్వనంటే చెబుతాను. పేరు భీమేశ్వరరావే గానీ, గాలిలో గొడుగు తెరిస్తే గొడుగుతో పాటు ఎగిరిపోయే మనిషిని. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో అంకెల్ని బొమ్మలుగా మార్చడం నా ఉద్యోగం. ఆఫీసులో గ్రాఫుల భీముడంటారు.

మా మేనేజరు సందీప్‌ది రోజూ ఒకటే పాట. "రావు గారూ, చూసేవాళ్లకి కాన్ఫిడెన్స్ రావాలి. గ్రీన్ పెట్టండి." నష్టాల్లో మునిగిన వ్యాపారానికైనా నేను ఆకుపచ్చ పూస్తే, చూసినవాళ్లు నిశ్చింతగా కాఫీ తాగి వెళ్లేవారు.

ఆ విద్యే ఇంట్లో వాడాను. మా ఆవిడ పద్మావతికి కిడ్నీ జబ్బు. రక్తపరీక్షలో ఒక అంకె ఉంటుంది, అది పెరిగితే జబ్బు ముదిరినట్టు. ఒకటిన్నర నుంచి మూడుకి పెరిగింది. రిపోర్టులు నా ఫోనుకే వస్తాయి కాబట్టి ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. పద్మ బెదిరిపోతే చూడలేను. అందుకని గ్రాఫు పక్కనుండే కొలతని వంద దాకా లాగాను. అక్కడ ఒకటిన్నరా, మూడూ ఒక్కలాగే కనపడతాయి. గీత మా పుప్పాలగూడలో కొత్తగా వేసిన రోడ్డంత చదునుగా వచ్చింది. దానికి ఆకుపచ్చ పూశాను.

"అబ్బో, ఎంత బాగుందండీ! నాకీ గ్రాఫులు అర్థం కావు గానీ, పచ్చగా ఉంటే మంచిదేగా?"

"బ్రహ్మాండం," అన్నాను. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు భోజనాల దగ్గర పద్మ అడిగింది. "అంత బాగుంటే ఆ ఆవకాయ జాడీ దింపండి."

డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, ఊరగాయల మాటే ఎత్తొద్దన్నాడు.

"బ్రహ్మాండమంటే... మరీ ఆవకాయంత బ్రహ్మాండం కాదు."

"పోనీ మాగాయంతా?"

అంట్లు తోముతున్న మా ఎల్లమ్మ అందుకుంది. "గింత మంచిగున్నదంటుండ్రు, ఇగ ఫికర్ ఏంది సారూ? అమ్మను జర తిననియ్యుండ్రి."

గదిలోకి పరుగెత్తి, గీత చివర కాస్త పసుపు పూసి తెచ్చాను.

"నిన్న లేని పసుపు ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"వర్షాకాలం కదా."

పద్మ తనే జాడీ దింపి ముద్ద కలిపింది. అది నోటి దాకా వెళ్లేసరికి చెయ్యి పట్టేసుకున్నాను.

"వద్దు పద్మా. గ్రాఫు అబద్ధం."

"తెలుసు," అంటూ ముద్ద కంచంలో పెట్టేసింది. "జాకెట్లు కుట్టినదాన్ని, నాకు కొలతలు తెలియవా? చీమ నడుము కొలవడానికి రోడ్డు కొలిచే టేపు తెచ్చారు. అయినా నా కాళ్లకి చెప్పులు పట్టడం లేదు. ఆ వాపు మీ గ్రాఫులో ఎక్కడ పెట్టారు?"

"మరి బాగుందని ఎందుకన్నావు?"

"రిపోర్టు వచ్చినప్పటి నుంచీ మీకు ముద్ద దిగడం లేదు. నేను నమ్మానన్న పూటే తిన్నారు."

ఆఫీసులో గ్రీన్ పెడితే చూసేవాళ్లకి కాన్ఫిడెన్స్ వచ్చేది. ఇంట్లో వచ్చింది గీసిన నాకే.

"మరి ఈ ఆవకాయ?"

"మీరు నిజం ఎప్పుడు చెబుతారో చూద్దామని. ఒక్కదాన్నే భయపడలేకపోతున్నానండీ. సరిగ్గా గీయండి, ఇద్దరం చూద్దాం."

కళ్లు తుడుచుకుంటూ గీశాను. గీత నిటారుగా పైకి పోయింది. పద్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది.

"రంగు మాత్రం ఆకుపచ్చే ఉంచండి," అంది.

ఉంచాను.