రండి, మీ ఇంట్లోనే కూర్చోండి

ఆ రోజు పొద్దున బెంగమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. దిండు గలీబులన్నీ విప్పి, ఉతికి, ఎండెయ్యాలి. బెంగమ్మ ఆవిడ అసలు పేరు కాదు. ఎవరు గుమ్మం దాటి వెళ్ళినా బెంగపెట్టుకుంటుందని అపార్ట్‌మెంట్ వాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు. పాల ప్యాకెట్లు వేసే మనిషి మారినా ఆవిడకు రెండు రోజులు తిండి సహించదు. కొడుకు రైల్లో గార్డు. ఇంట్లో ఉండేది తక్కువ, బయల్దేరి వెళ్ళడం ఎక్కువ. అతను వెళ్ళినప్పుడల్లా ఆవిడ బాల్కనీలో నిలబడి, బస్సు మలుపు తిరిగిపోయాక కూడా ఆ మలుపునే చూస్తూ ఉంటుంది. చూసి చూసి వెనక్కి తిరిగితే కోడలు కనబడుతుంది. అప్పుడు గానీ ప్రాణం కుదుటపడదు.

ఆ కోడలే ఆ పూట చల్లారిపోయిన టీ పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా. సాయంత్రం మీటింగుంది."

కోడలి ఉద్యోగం విదేశీ సహాయ శాఖలో. పేద దేశాలకు చేసే సాయం ఎలా ఉండాలో మామూలు జనాన్ని అడిగి తెలుసుకోవడానికి నెలకోసారి ఇంటర్నెట్‌లో చర్చ పెట్టడం ఆమె పని. ఇంట్లో చిన్నగది నుంచే నడుపుతుంది. ఎవరైనా రావచ్చు. ఎవరూ రారు. కిందటి నెల డైరెక్టరు కాక ఒకే ఒక్కాయన వచ్చాడు. ఎంతో శ్రద్ధగా వింటున్నాడని కోడలు మురిసిపోయింది కూడా. గురక వినబడ్డాక గానీ సంగతి తెలియలేదు.

"ఈసారి యాభైమందైనా రాకపోతే మా విభాగం ఎత్తేస్తారట. నన్ను హెడ్డాఫీసుకు మార్చేస్తారట."

"హెడ్డాఫీసంటే... రాత్రంతా రైల్లో కూర్చుని పోవాలే, అక్కడికా?"

"అక్కడికే."

బెంగమ్మ చేతిలోంచి దిండు జారి కింద పడింది.

"మరి జనాన్ని పిలిచావా?"

"అపార్ట్‌మెంట్ గ్రూపులో లింకు పెట్టాను, వీధి గ్రూపులో పెట్టాను. ఇద్దరు బొటనవేలు చూపించారు. ఒకాయన నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడిగాడు."

"వేళ్ళు చూపించుకుంటే ఎవరొస్తారే? పిలుపంటే గుమ్మంలో నిలబడి, మొహం చూసి, నోరారా పిలవాలి. ఏమని పిలవాలో చెప్పు, నేను వెళ్తాను."

కోడలికి నవ్వొచ్చింది. "పేద దేశాలకు సాయం చేసే సంగతి మాట్లాడుకుందాం, నాలుగింటికి రండి అనండి. లింకు గ్రూపులో ఉందని చెప్పండి. అంతే." అత్తగారు నిజంగా వెళ్తుందని ఆమె అనుకోలేదు. చిన్నగదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

బెంగమ్మ చెప్పులు తొడుక్కుంది. మొదటి గుమ్మం ఎదురింటి పళ్ళ డాక్టరుది.

"నాలుగింటికి తప్పకుండా రావాలి డాక్టరుగారూ. మీరు రాకపోతే మా అమ్మాయి నన్నొదిలి వెళ్ళిపోతుంది."

"అయ్యో, ఎందుకు రాను పిన్నిగారూ! ఎక్కడికి?"

అక్కడొచ్చింది చిక్కు. "మీ ఇంట్లోనే ఉండండి" అన్నది సరైన జవాబు. అది ఆవిడకూ తెలుసు. కానీ మనిషిని గుమ్మంలో నిలబడి రమ్మని పిలిచి, మీ ఇంట్లోనే కూర్చోండి అనడానికి ఆవిడకు నోరు రాలేదు. అది పిలవడమా, పరిహాసమా?

"మా ఇంటికే" అనేసింది. ఒక్క మనిషేగా, కోడలి పక్కన కుర్చీ వేస్తే సరిపోతుంది అనుకుంది.

రెండో గుమ్మం దగ్గర ఇంకో చిక్కు. డాక్టరును ఇంటికి పిలిచి వీళ్ళను పిలవకపోతే ఏమనుకుంటారు? వాళ్ళనూ పిలిచింది. అలా మర్యాదకు లోటు రాకుండా అంతస్తులన్నీ పూర్తిచేసి వీధిలో పడింది. బట్టలు కుట్టే ఆవిడ కొట్టుకూ, ఆ పక్కనే ఉన్న డ్రైవింగ్ స్కూలుకూ వెళ్ళింది. డ్రైవింగ్ మాస్టారిది బ్రేకు వెయ్యని వాళ్ళ మీద ఏళ్ళ తరబడి అరిచీ అరిచీ పెరిగిపోయిన గొంతు.

"పేద దేశాలకు సాయమా!" అన్నాడాయన, వీధి చివరిదాకా వినబడేలా. "మరి చేతులూపుకుంటూ ఎలా వస్తామండీ!"

వద్దనడానికి ఆవిడ నోరు తెరిచేలోగా ఆ మాట వీధంతా పాకిపోయింది.

మూడున్నరకే రాక మొదలైంది. పళ్ళ డాక్టరు ఒక పెట్టెడు బ్రష్షులు తెచ్చాడు. బట్టలు కుట్టే ఆవిడ ఎవరూ పట్టుకెళ్ళని ఉన్నికోట్లు మూట కట్టి తెచ్చింది. డ్రైవింగ్ మాస్టారు రెండు పాత స్టీరింగులు భుజాలకు తగిలించుకుని, వెంట తన శిష్యులందరితో వచ్చాడు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే అందులో మనుషులెవరూ లేరు, వ్యాయామం చేసే సైకిలొకటి ఉంది. ఎవరో కింద నుంచి ఎక్కించి పంపినట్టున్నారు. హాలు నిండి, వంటిల్లు నిండి, మెట్ల మీద జనం నిలబడ్డారు. బెంగమ్మ దుప్పట్లు పరిచి, ఇంట్లో ఉన్న ప్రతి కప్పులోనూ టీ పోసింది. ఇంటినిండా మనుషులు. ఒక్కరు కూడా వెళ్ళేవాళ్ళు కారు, అందరూ వచ్చేవాళ్ళే! ఆవిడ మొహం వెలిగిపోయింది.

లోపల చిన్నగదిలో మాత్రం స్క్రీను మీద ఉన్నవి మూడే గడులు. ఒక గడిలో కోడలు, ఒక గడిలో డైరెక్టరు, మూడో గడిలో ఎక్కడో సముద్రాల అవతలి దేశం నుంచి అతిథిగా వచ్చిన ఆరోగ్యాధికారిణి.

"పావుగంట చూస్తాను. తర్వాత మూసేద్దాం. చర్చనే కాదు, విభాగాన్ని" అన్నాడు డైరెక్టరు.

కోడలు మంచినీళ్ళ కోసం లేచి తలుపు తీసింది. తీసిన తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా! ఎవరు వీళ్ళంతా?"

"జనం! నువ్వే కదే కావాలన్నావు."

కోడలు లాప్‌టాప్‌ను హాల్లోకి తెచ్చి జనం వైపు తిప్పింది. డైరెక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "సంతోషం. కానీ మా లెక్క గడుల లెక్క. మీ ఇంట్లో ఎంతమంది ఉన్నా అది ఒక్క గడే."

"అంతేనా! ఫోన్లు తియ్యండర్రా!" అని అరిచాడు డ్రైవింగ్ మాస్టారు. అందరూ ఒకేసారి తీశారు. ఒక ఫోన్లో మాట ఇంకో ఫోన్లో దూరి, అది మరో ఫోన్లో మోగి, ఇల్లంతా ఒకటే కూత. పళ్ళ డాక్టరు దవడ పట్టుకుని కూలబడ్డాడు. తన మిషను శబ్దానికి పేషెంట్లు ఎందుకలా వణుకుతారో ఆయనకు అప్పుడు అర్థమైంది.

కోడలు చేతులు జోడించింది. "దయచేసి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళి, అక్కణ్ణుంచి లింకు నొక్కండి."

"పిలిచి పొమ్మంటున్నారేంటమ్మా!" అన్నాడు మాస్టారు చిన్నబుచ్చుకుని. "టీ కూడా సగమే తాగాం." ఆయనతో పాటు అందరూ బెంగమ్మ వైపు చూశారు. పిలిచిన మనిషి చెబితే తప్ప కదలరు.

బెంగమ్మ ఏనాడూ ఎవరినీ వెళ్ళమనలేదు. వెళ్తానని లేచినవాళ్ళను కూడా గుమ్మంలో అరగంట ఆపుతుంది. 'వెళ్ళి రండి' అని తాను పంపినవాళ్ళలో మళ్ళీ రాకుండా పోయినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఆవిడ భర్త కూడా ఉన్నాడు. ఆవిడ కోడలి వైపు చూసింది. వీళ్ళు వెళ్ళకపోతే అది వెళ్ళిపోతుంది.

ఆవిడ వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"వెళ్ళండి!" అంది, తన గొంతు తనకే కొత్తగా. "కప్పులు కూడా పట్టుకెళ్ళండి. మాస్టారూ, మీ శిష్యులతో ముందు మీరు కదలండి. వెళ్ళి రండి! మళ్ళీ నా కంటికి కనబడకపోయారో, ఇంకెప్పుడూ మీ గుమ్మం తొక్కను!"

చెప్పుల చప్పుడు మెట్లమీద నుంచి దిగిపోయింది. హాల్లో సామాన్లు మిగిలాయి, మనుషులు లేరు. బెంగమ్మ కోడలి భుజం గట్టిగా పట్టుకుని స్క్రీను ముందు కూర్చుంది. మూడే గడులు. కళ్ళు మూసుకుంది.

టింగుమని మోగింది.

కళ్ళు తెరిస్తే నాలుగో గడిలో పళ్ళ డాక్టరు నుదురు. టింగు. బట్టలు కుట్టే ఆవిడ, బెంగమ్మ కప్పులోనే టీ తాగుతూ. టింగు, టింగు, టింగు. డ్రైవింగ్ మాస్టారూ, ఆయన శిష్యులూ, వాళ్ళ అక్కలూ, బావలూ. గడులు స్క్రీనులో పట్టక రెండో పేజీకి, మూడో పేజీకి పాకాయి. డైరెక్టరు లెక్కపెట్టడం మానేశాడు. తాను పంపినవాళ్ళంతా ఒక్కసారే, నవ్వుకుంటూ తిరిగి రావడం బెంగమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "వచ్చారే! అందరూ వచ్చారే!" అని కోడల్ని పట్టుకుని ఊపేసింది.

అంతలో సముద్రాల అవతలి ఆవిడ వాళ్ళ భాషలో ఏదో అడిగింది. కోడలు తెలుగులో చెప్పింది. "మన వెనక ఆ సామాన్ల గుట్ట ఏమిటంటున్నారు."

"మీకేనమ్మా!" అంది బెంగమ్మ.

కోడలు సిగ్గుతో చచ్చిపోతూనే ఆ మాట చెప్పింది. అధికారిణి పగలబడి నవ్వింది. కిందటేడు వాళ్ళకు సాయంగా ఓడ నిండా ఉన్నికోట్లే వచ్చాయట. వాళ్ళ ఊళ్ళో చలే ఉండదట.

"మీకేం కావాలో ముందు అడగలేదా?" అంది బట్టలు కుట్టే ఆవిడ నొచ్చుకుంటూ.

"ఎవరూ అడగలేదంటున్నారు."

"అయితే మేం అడుగుతున్నాం!" మాస్టారు గర్జించాడు. "చెప్పమనండి!"

ఆవిడ చెప్పింది. అంబులెన్సులు ఇచ్చారు గానీ, నడిపేవాళ్ళు చాలడం లేదట. మాస్టారు తన గడిలో లేచి నిలబడ్డాడు. "అక్కడ బండి ఎడంపక్కన నడుపుతారా, కుడిపక్కనా?"

ఇక చర్చ ఆగితే ఒట్టు. ఇక్కణ్ణుంచి డ్రైవర్లను పంపాలని మాస్టారు, అక్కడివాళ్ళకే నేర్పాలని డాక్టరు, ఇద్దరూ మొదట ఆ అధికారిణినే అడిగి ఏడవమని బట్టలు కుట్టే ఆవిడ. గంటలో ముగియాల్సిన చర్చ దీపాలు పెట్టే వేళ దాకా నడిచింది. ఏది పంపినా ముందు అడిగి పంపాలన్న తీర్మానానికి అన్ని గడుల్లోనూ చేతులు లేచాయి. కిందటి నెల గురకపెట్టినాయన రెండు చేతులూ ఎత్తాడు.

"మీ విభాగం ఎక్కడికీ పోదు, మీరూ ఎక్కడికీ పోనక్కర్లేదు" అన్నాడు డైరెక్టరు. "ఇంతకీ ఈ జనాన్ని పిలిచిందెవరు?"

"మా అత్తగారండీ."

"అయితే ఆవిణ్ణి హెడ్డాఫీసుకు పంపండి. పిలవడమంటే ఏమిటో మావాళ్ళకు రెండు వారాలు నేర్పాలి."

బెంగమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేనా? రాత్రంతా రైల్లోనా?"

"మీ అబ్బాయి రైలేనత్తయ్యా" అంది కోడలు, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

బయల్దేరే రోజున బెంగమ్మ బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. బాల్కనీలో కోడలు చెయ్యి ఊపుతూ నిలబడి ఉంది. "ఎంతసేపు నిలబడతావే, లోపలికి వెళ్ళు! నేను వచ్చేస్తానుగా!" అని వీధంతా వినబడేలా కేకేసింది ఆవిడ. బస్సు మలుపు తిరిగింది. అవతలి వైపు నుంచి చూస్తే ఆ మలుపు అంత భయంకరంగా ఏమీ లేదు.

సామాన్లన్నీ ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళారు గానీ, సైకిలు తనదని ఎవరూ ఒప్పుకోలేదు. ఎంత తొక్కినా ఇల్లు విడిచి వెళ్ళని బండి అదొక్కటే కాబట్టి, దాన్ని ఉంచెయ్యమని బెంగమ్మ రైల్లోంచి ఫోను చేసి చెప్పింది.