లస్మవ్వ నోటి మాట

ఆ పొద్దున అంతయ్య పెట్టుకున్న పని ఒక్కటే. పక్కింటి రాజం మర్నాడు మస్కట్ వెళ్తున్నాడు. అక్కడ పనిచేస్తున్న కొడుకు వెంకటికి ఇంటి ముచ్చట్లన్నీ క్యాసెట్టులో నింపి రాజం చేతికివ్వాలి. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో అప్పట్లో ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువ తిరిగేవి. చిక్కల్లా భార్య లస్మవ్వ నోటితోనే వచ్చింది. వారం కిందటే ఆమె పళ్లన్నీ పీకించారు.

"పండ్లు పీకిస్తే కండ్లు పోతయంటరు. నిజమేనా?" అని ఆమె దిగులు.

"గా ముచ్చట ఎత్తకు. పోరడు పరేషాన్ అయితడు," అన్నాడు అంతయ్య. గల్ఫ్‌కు చెడు కబురు పంపకూడదన్నది ఆ ఊళ్లో అందరూ పాటించే కట్టుబాటు. పైగా ఆ ఇంటికి వెంకటి కొలువే ఆధారం. గడువు తీరకముందే తిరిగొస్తే మళ్లీ వీసా ఇవ్వరు.

లస్మవ్వ టేప్‌రికార్డరు ముందు కూర్చుని "బిడ్డా, మంచిగున్న" అంది. ఆ మాట సగం గాలిగా, సగం చొంగగా బయటికొచ్చింది. చిగుళ్లు సలిపి ఏడుపొచ్చింది. కొడుకును చూసి ఏళ్లయింది గనక ఆ ఏడుపు ఆగలేదు. అంతయ్య కంగారుగా ముందుకు జరిగి, "మీ అవ్వకు ఏం కాలేరా. నువ్వు ఫికర్ చెయ్యకు. ఏం కాలే," అని ముగించాడు.

కొన్నాళ్లకు వెంకటి మస్కట్ నుంచి జగిత్యాలలోని తెలిసిన బట్టల దుకాణానికి ఫోన్ చేశాడు. అంతయ్య ముందే చెప్పిపెట్టడంతో సేటు కూడా, "ఏం కాలే, ఫికర్ చెయ్యకు," అని ఠక్కున పెట్టేశాడు. అది విని అంతయ్య తన తెలివికి తానే మురిసిపోయాడు.

ఆ వారమే వాకిట్లో శోకాలు వినపడ్డాయి. అంతయ్య చెల్లెలు శంకరవ్వ, "ఓ వదినా, ఎంత పనాయెనే!" అని రొమ్ము బాదుకుంటూ వస్తోంది. వెనక పెట్టెతో, దారిలో కబురు చెప్పి ఆమెను వెంటబెట్టుకొచ్చిన వెంకటి. లోపల కొత్త కట్టుడు పళ్లతో రొట్టె నములుతున్న లస్మవ్వ, పోయిందెవరో అడక్కుండానే తానూ శోకం అందుకుంది. వదిన గొంతు విని శంకరవ్వ గడపలోనే ఆగిపోయింది.

"అవ్వా! నీకు పక్షవాతం రాలేదా?" అన్నాడు వెంకటి.

"నాకెందుకొస్తది బిడ్డా? పండ్లు పీకిచ్చుకున్న."

వెంకటి తల్లిని పట్టుకుని ఏడ్చాడు. ఆమె బతికుందన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పెట్టె మీద కూలబడ్డాడు.

"మా రూముల భూమన్న తండ్రి సచ్చినప్పుడు గూడ ఇంటోళ్లు గిట్లనే ఏం కాలే అన్నరు బాపూ. అందుకే కొలువిడిసి వచ్చిన. వీసా కొట్టేసిండ్రు."

అంతయ్య గబగబా దగ్గరికొచ్చాడు. "ఒక్కలన్న ఆపలేదారా?"

"మా ఫోర్మన్ ఆపిండు. ఇటలీ ఆయన. తెలుగు రాకపాయె, క్యాసెట్టు ఇని తన పన్ను తట్టి చూపిచ్చుకుంట, 'దెంతె? దెంతె?' అనడిగిండు. ఇటలీల పన్నును గట్లనే అంటరు. మీ అవ్వకు పండ్లు లేవు, గంతే, పోకు అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏడ్సుకుంట కొట్లాడిన. పన్ను పీకిన ముచ్చట ఎవడన్న దాస్తడా అన్న."