ఖాళీ పెట్టె బరువు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పరిసర ప్రజలకు తెలియజేయునది ఏమనగా, టీవీలో ఆటల పోటీ నడిపే వ్యాఖ్యాతకు అందం, గొంతు, తెలివి ఉంటే అభ్యంతరం లేదు. కానీ అవసరమూ లేదు. ఖాళీ అట్టపెట్టెను బరువుగా మోయడం వస్తే చాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో గృహోపకరణాల దుకాణం నడుపుతున్న గంగాధరరావు అనే నేను ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లో విశ్రాంతి తీసుకుంటున్నాయి. కరెంటు దాని ఇష్టం. జనం ఇంట్లో, సరుకు దుకాణంలో. ఈ రెంటినీ కలపడానికి మా పేట కేబుల్ ఛానల్ వారు 'కాలనీ రాణి' అనే ఆడవాళ్ల పోటీ పెట్టారు. బహుమతి వెట్ గ్రైండర్, దాత నేను. ఇలాంటి పోటీల ఆచారం మీకు తెలిసిందే. వేదిక మీద ఇచ్చేది పెట్టె మాత్రమే, సరుకు తర్వాత దుకాణానికి వచ్చి తీసుకోవాలి. వచ్చినామె ఉత్త చేతులతో పోదు, ఒక కుక్కరైనా కొంటుంది. రేపు రమ్మని నాలుగుసార్లు తిప్పితే కొందరు రావడమే మానేస్తారు. ఎటు చూసినా దుకాణానికి క్షేమం.

మొదట ఇంద్రాణి అనే అమ్మాయిని పిలిచాం. జర్నలిజం చదివింది, ఒత్తులన్నీ పలుకుతుంది. పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి, "సార్, ఇందులో ఏమీ లేదండీ!" అంది, అదీ మైకులో. ఇంత అమాయకత్వం ఈ రంగానికి పనికిరాదని ఆశీర్వదించి పంపేశాం.

తర్వాత వచ్చినవాడు మహేష్. కోచింగ్ సెంటర్ ముందు నిలబడి పిల్లల్ని లోపలికి పిలవడం వాడి ఉద్యోగం. పెట్టె చూడగానే మోకాళ్లు వంచాడు, పళ్లు బిగించాడు. "అన్నా, జర ఓ చెయ్యెయ్యుండ్రే!" అని మూలిగాడు. కెమెరా అతను పరుగెత్తి సాయం పట్టాడు. పెట్టె ఖాళీ అని తెలిసిన నాకే నడుం పట్టేసింది. అక్కడికక్కడే ఖాయం చేశాం.

మహేష్ నల్లగొండ వాళ్ల కాలనీలో "ఎట్లున్నవక్కా" అనేవాడు, కోస్తా వాళ్ల కాలనీలో "ఎలా ఉన్నారండీ" అనేవాడు. ఇద్దరూ కలిసి ఉన్నచోట "హాయ్" అనేవాడు. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని ఎవరైనా అడిగితే, విరామం తర్వాత చెబుతాననేవాడు. మన నాయకుల్లో చాలామంది ఇంకా ఆ విరామంలోనే ఉన్నారు.

తుది పోటీ సరూర్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, ప్రత్యక్ష ప్రసారం. మిగిలిన ఇద్దరిలో ఒకరు హయత్‌నగర్ యాదలక్ష్మి. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, దోసెల పిండి అమ్మి ఇల్లు నడుపుతోంది. కరెంటు కోతల్లో ఆమె గ్రైండర్ మోటారు కాలిపోయింది, పిండితో పాటు పొయ్యీ ఆగింది. రెండోవారు కుసుమకుమారి, గుంటూరు నుంచి వచ్చిన ఉద్యోగి భార్య. నిమిషంలో ఎవరు ఎక్కువ గాజులు తొడుక్కుంటే గ్రైండర్ వారిది. కుసుమకుమారి సరదాకి ఆడింది, యాదలక్ష్మి బతుకుతెరువుకి ఆడింది. యాదలక్ష్మే గెలిచింది.

మహేష్ రొప్పుతూ, చెమట తుడుచుకుంటూ పెట్టె తెచ్చి అందించాడు. ఆమె దాన్ని చటుక్కున చంకన పెట్టుకుంది.

"ఏంది తమ్మీ, గింత అల్కగున్నది? దీన్ల రాయేది?"

మామూలు వ్యాఖ్యాతకూ మహా వ్యాఖ్యాతకూ తేడా తెలిసేది ఇక్కడే. మహేష్ ఎడమవైపు కూర్చున్న నల్లగొండ వారికేసి తిరిగి గొంతెత్తాడు.

"అక్కలారా, అన్నలారా! యాదలక్ష్మక్క గ్రైండర్ లారీల బయలెల్లింది. నడుమల ఆపిన్రు. ఎవలు ఆపిన్రో నేను జెప్ప. మీకెర్క లేదా?"

ఎడమవైపు హోరెత్తింది. వెంటనే కుడివైపు కోస్తా వారికేసి తిరిగాడు.

"అమ్మా, అయ్యా! లారీని దారిలో ఆపేశారండీ. ఎవరు ఆపారో నేను చెప్పను. మీకు తెలియదాండీ?"

కుడివైపు అంతకన్నా హోరెత్తింది. లారీ ఆపింది ఎవరో రెండు వైపులా అందరికీ స్పష్టంగా తెలుసు. నినాదాలకు కప్పు అదిరింది.

"లారీ ఏంది తమ్మీ! గంగాధర్ సేటు దుకాణం అద్దాలల్లనే ఉన్నది గ్రైండర్. ఒచ్చేటప్పుడు ఆటోలకెల్లి చూసిన!" అని యాదలక్ష్మి అరిచింది.

"నేనూ చూశానండీ, ఎర్రది," అంది కుసుమకుమారి. అప్పటికే మైకు ఆగిపోయింది.

మర్నాడు మా దుకాణానికి ఎదురుగా, లారీని వదిలేదాకా కదిలేది లేదని ఒక టెంటు వెలిసింది. దాని పక్కనే, లారీకి రక్షణ కల్పించాలని ఇంకో టెంటు. రెండు టెంట్లకూ నా టీ ఫ్లాస్కులు అమ్ముడుపోయాయి. రెండు టెంట్లలోనూ మహేష్‌కు దండలు పడ్డాయి. ఆ వారమే ఒక పెద్ద ఛానల్ అతన్ని ఎగరేసుకుపోయింది.

యాదలక్ష్మి మొదటి టెంటుకు పోయింది. "అన్నా, జర నాతోని గా దుకాణం దాక రాండ్రి. రోడ్డు దాటితె చాలు."

"ఆగక్కా! గ్రైండర్ చిన్న ముచ్చట. ముంగట లారీ సంగతి తేలాలె."

రెండో టెంటులో, "మీ బాధ మాకు తెలుసమ్మా. ముందు లారీ విషయం తేలనివ్వండి," అన్నారు.

ఆమె ఇంటికి పోయింది. మరునాడు పొద్దున్నే నానబెట్టిన బియ్యం, మినప్పప్పు బకెట్‌తో మా దుకాణంలోకి వచ్చింది. బకెట్‌కు రెండోవైపు కుసుమకుమారి చెయ్యి ఉంది. ఇద్దరూ కలిసి అద్దాల్లోంచి గ్రైండర్ దించి, ప్లగ్గు పెట్టారు.

"సేటూ, లారీ ఒచ్చినంక ఇంటికి పంపు. గందాక ఈడ్నే రుబ్బుకుంట."

నేను లెక్క వేసుకున్నాను. బయటికి పంపితే గొడవ, ఉండనిస్తే ఉచిత ప్రదర్శన. ఉండనిచ్చాను.

ఇప్పుడు రెండు టెంట్ల వాళ్లూ పిండి ఆమె దగ్గరే కొంటున్నారు. గిన్నె పట్టుకుని గ్రైండర్ పక్కనే నిలబడతారు. ఆ మోతలో మాట వినబడదు కనుక గొంతు పెంచి, ఎంతో జాలిగా అడుగుతారు.

"లారీ ఇంక ఇడుస్తలేరా అక్కా?"

"లారీని ఇంకా వదల్లేదాండీ?"