గాలి రంధ్రం లేని గొట్టాలు

నీరు పల్లానికి పారాలని ప్రకృతి ఎప్పుడో తేల్చేసినా, దానికి కార్యాలయం ఆమోదముద్ర పడింది మాత్రం నలభై ఏళ్ల కిందటే. పైకప్పు నీటి నియమావళి ప్రకారం వాన నీరు వాలు ఉన్న గొట్టంలోనే పోవాలి, గాలితో కలిసే పోవాలి, ప్రతి గొట్టానికీ వేలు దూరేంత గాలి రంధ్రం ఉండాలి. (వాన ఎప్పుడు పడాలో అందులో లేదు. త్వరలో సవరిస్తారట.)

రికార్డుల భవనం మీది పద్నాలుగు లావుపాటి గొట్టాలు ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాయి. పైపుల మేస్త్రీ ముప్పై రెండేళ్లు వాటిని కన్నబిడ్డల్లా చూసుకున్నాడు. వాటిని పీకేసి, సైఫన్ పద్ధతి అంటూ సన్నటి గొట్టాలు మూడే బిగించమంటే ఆయనకు మనసొప్పలేదు. కానీ మొదటి జడివానకే నోరు వెళ్లబెట్టాడు. కొత్త గొట్టం మూతి మీదున్న పళ్లెం గాలిని లోపలికి రానివ్వదు. గొట్టం నిండా నీళ్లే. కిందికి దిగే నీళ్లు వెనకాలి నీళ్లను జుర్రుమని లాగేసుకుంటాయి, వాలుతో పనే లేదు.

"ఇన్నేళ్లూ నేను సగం గాలికే చాకిరీ చేశానే" అన్నాడు భార్యతో.

"నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఇప్పుడు తెలిసి ఏం లాభం లెండి" అందావిడ.

రిటైరవడానికి ఆయన సర్వీసు పుస్తకం కావాలి. అది ఆ పైకప్పు కిందే, పై అంతస్తులో, ఒకే ఒక్క ప్రతిగా ఉంది. (రెండు ప్రతులుంటే ఏది అసలుదో తేల్చడం కష్టమని ముందుచూపు.)

ఇంతలో తనిఖీ అధికారి వచ్చాడు. జేబులోంచి గోళీ తీసి అడ్డగొట్టం మీద పెట్టాడు. అది కదల్లేదు.

"వాలేదీ?"

"దీనికి వాలు అక్కర్లేదు సార్. గాలి లేకుండా నిండుగా పారుతుంది."

"సరే. గాలి రంధ్రమేదీ?"

"అది పెడితే గాలి దూరి లాగడం ఆగిపోతుంది సార్. ఇంత సన్న గొట్టాలు అప్పుడు ఈ కప్పు నీళ్లని మోయలేవు."

"నీ అనుభవం మీద నాకు గౌరవముంది మేస్త్రీ. కానీ రంధ్రం లేకపోతే భవనం పాసవదు. భవనం పాసవకపోతే అందులో కాగితం ఒక్కటీ బయటికి రాదు. నీది కూడా."

"పోనీ, పైకి కనబడేలా ఉత్తుత్తి రంధ్రం పెట్టనా సార్?"

"ఉత్తుత్తి రంధ్రాల ఫారం ఇంకా అచ్చవలేదు."

మేస్త్రీ మూడు గొట్టాలకూ రంధ్రాలు వేశాడు. అధికారి ఒక్కొక్క దాంట్లో చిటికెన వేలు పెట్టి చూసి, భవనాన్ని పాస్ చేశాడు.

మర్నాడే కుండపోత. గొట్టాలు గుడగుడలాడాయి గానీ నీళ్లు లాగలేదు. కప్పు మీద మోకాలి లోతు నిలిచిన నీళ్లు మెట్ల గది తలుపు కింద నుంచి పై అంతస్తులోకి దిగాయి. మేస్త్రీ తువ్వాలు పట్టుకుని రంధ్రాలు మూయడానికి పరుగెత్తాడు. వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. పాసైన రంధ్రం మూయాలంటే అనుమతి ఉండాలట. అనుమతి తెచ్చేసరికి వాన వెలిసింది.

విచారణ సంఘం మూడు రోజులు కూర్చుంది. పాత గొట్టాల్లో నీళ్లూ గాలీ కలిసి పోయేవని, కొత్తవాటిలో నీళ్లే పోయేవని, ఇప్పుడు ఎక్కువగా గాలే పోతోందని తేల్చి, చివరిది నియమావళికి అన్నిటికన్నా దగ్గరగా ఉందని మెచ్చుకుంది.

సర్వీసు పుస్తకం మాత్రం ముద్దయిపోయింది. మేస్త్రీ రికార్డుల గుమాస్తా దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ముప్పై రెండేళ్లు ఇక్కడే చేశానమ్మా. నువ్వు చూశావు కదా."

"నేను చూశాను బాబాయ్. కాగితం చూడలేదు కదా" అందా అమ్మాయి, నిజంగానే బాధపడుతూ.

భవనమంతా గాలిస్తే మేస్త్రీ పేరున్న కాగితం ఒక్కటి పొడిగా దొరికింది. అది తనిఖీ అధికారి సొరుగులోని రంధ్రాల రిజిస్టరు. పని మొదలు పదకొండు గంటలకు, ముగింపు పదకొండూ ఇరవైకి. దాని ఆధారంగా ఆయన మొత్తం సర్వీసు ఇరవై నిమిషాలని, ఆ కాలమంతా ఆయన ప్రవర్తన సంతృప్తికరమని ఖరారు చేశారు.