పదకొండో టైపు మిషను

పాత టైపు మిషన్లంటే ఆ రిటైర్డ్ టైపిస్టుకు ప్రాణం. ఇంట్లో అప్పటికే పది ఉన్నాయి. ఆ ఉదయం పదకొండోదాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. మెట్ల మీద ఎన్నిసార్లు ఆగాడో ఆయన మోకాళ్ళకే తెలుసు.

భార్య గుమ్మంలోనే ఆపింది. "చివరిసారి చెప్తున్నా. సాయంత్రంలోగా దీని గురించి ఒక్క ఫిర్యాదొచ్చినా, పదకొండూ పాత ఇనప సామాన్లవాడికే!"

"దుప్పటి పరిచి దాని మీద పెడతాగా. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాదు, చూడు," అన్నాడాయన.

కొత్త రిబ్బను ఎక్కించి, కాగితం దూర్చాడు. వేలికి ఎదురు నిలిచే ఆ కీల బరువు, వరస చివర టింగుమనే గంట, రోలరును వెనక్కి తోస్తే కర్రుమనే ఆ మోత! ఆనందంతో ఆయన ఒళ్ళు పులకరించింది. ఏం కొడుతున్నాడో కూడా చూసుకోలేదు. ముప్పై ఏళ్ళు నీళ్ళ ఆఫీసులో పనిచేసిన వేళ్ళు, తమకు వచ్చిందే కొట్టాయి: "నేటి ఉదయం పది గంటల నుండి నీటి సరఫరా నిలిపివేయబడును."

అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. కాగితాన్ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి మురిసిపోతుంటే గాలి లాక్కుపోయింది. పోతే పోయిందని ఇంకోటి దూర్చాడు.

కింద వాచ్‌మన్ మహా పనిమంతుడు. దొరికిన కాగితానికి నాలుగు పిన్నులు గుచ్చి నోటీసు బోర్డు మీద పెట్టాడు.

పావుగంటలో భవనమంతా బకెట్ల మోత. సంగతేమిటని తొంగి చూసి, వాచ్‌మన్ నోట విని, టైపిస్టు లబోదిబోమంటూ కిందికి పరిగెత్తాడు. కాగితం పీకేద్దామంటే బోర్డు ముందు భవన సంఘం అధ్యక్షుడు నిలబడి ఉన్నాడు. ఫిర్యాదులు రాయడంలో ఆయన్ని మించినవాడు లేడు.

"బాబాయ్‌గారూ, మీరు నీళ్ళ ఆఫీసులోనే చేశారుగా. ఇది అసలు నోటీసేనా?"

నిజం చెబితే పదకొండూ పోతాయి. "భాషయితే... మా ఆఫీసుదేనండీ," అని నసిగాడు.

అంతే! అప్పటిదాకా అనుమానించినవాళ్ళు కూడా డ్రమ్ములు దించారు. గిన్నెలూ, కూజాలూ, చివరికి ప్రెషర్ కుక్కర్లూ నిండాయి. సరిగ్గా పదింటికి మేడమీది ట్యాంకు అడుగంటింది. కుళాయిలు గురగురమని ఆగిపోగానే మెట్ల మీద చప్పట్లు మోగాయి.

అధ్యక్షుడు నేరుగా మూడో అంతస్తుకు వచ్చాడు. "ఆ కాగితం మీ కిటికీలోంచే పడిందట," అన్నాడు. టైపిస్టు గబుక్కున వెళ్ళి మిషనుకు అడ్డంగా నిలబడ్డాడు.

"చెప్పిన టైముకి చెప్పినట్టు ఆగిందండీ! నేను ఫోన్లో వంద మెసేజీలు పెట్టినా ఒక్కరూ చూడరు. మీ కాగితాన్ని నమ్మనివాళ్ళు లేరు. ఇకమీదట మన నోటీసులన్నీ మీరే కొట్టాలి!"

టైపిస్టుకు ఏనుగెక్కినంత సంబరమైంది. పన్నెండోదానికి ఎక్కడ చోటు చేయాలా అని గదంతా కలియజూశాడు.

అప్పుడే స్నానాలగది తలుపు సందులోంచి నిండా నురగతో భార్య తల బయటికొచ్చింది. "అంతా విన్నాను. నోటీసు కొట్టింది మీరే కదా, మరి మనం పట్టిన నీళ్ళేవీ?"

భవనం మొత్తం మీద ఆ నోటీసును నమ్మని ఇల్లు అదొక్కటే.